కరెంట్ తగ్గించాక కదిలిన కాలు: వెన్నుపాము స్టిమ్యులేటర్ పెట్టించుకున్న ఒక పేషెంట్ కేస్ స్టడీ

మొదటి రోజు పేషెంట్ ఇంకా కారు దిగకముందే వాళ్ళ బావమరిది లోపలికొచ్చి ఫోన్‌లో ఒక వీడియో పెట్టి నా చేతికిచ్చాడు. నిమిషం కూడా లేదు. ట్రెడ్‌మిల్ మీద, పైనుంచి బెల్టులతో పట్టి ఉంచిన మనిషి, చెరో పక్క స్టూలు మీద కూర్చున్న ఇద్దరు థెరపిస్టులు, కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ముందుకు పడుతున్నాయి. "అక్కడ బావ నడిచాడు మేడం, ఇక్కడికొచ్చాక నడవట్లేదు. మిషన్‌లో ఏదో తేడా వచ్చినట్టుంది, మీరు చూసి చెప్పాలి" అన్నాడు.

ఆ వీడియో నాలుగుసార్లు చూశాను. నాలుగోసారి పేషెంట్‌ని వదిలేసి థెరపిస్టుల చేతులే చూశాను. కుడి పక్కన కూర్చున్నావిడ ప్రతి అడుగుకీ మడమ పట్టి ఎత్తుతోంది. ఎడమ పక్కతను కాలు కింద పడగానే మోకాలి దగ్గర అరచేత్తో అదిమి పట్టుకుంటున్నాడు, లేకపోతే మోకాలు మడతపడిపోతుంది. వీడియోలో అబద్ధమేమీ లేదు, కండరాలు నిజంగానే పని చేస్తున్నాయి. కాకపోతే బెల్టుల్లో వేలాడుతూ ట్రెడ్‌మిల్ మీద వేసిన అడుగుకీ, ఇంట్లో టైల్స్ మీద సొంత బరువు మోస్తూ వేసే అడుగుకీ మధ్య ఎంత దూరం ఉందో ఆ కుటుంబంతో ఎవరూ కూర్చుని మాట్లాడినట్టు లేదు.

నేను హైదరాబాద్‌లో 16 ఏళ్ళుగా నాడీ సంబంధ రిహాబ్ చేస్తున్న ఫిజియోథెరపిస్ట్‌ని. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళని చాలామందిని చూశాను గానీ, నడక కోసం వెన్నుపాముకి కరెంట్ ఇచ్చే స్టిమ్యులేటర్ వీపులో పెట్టించుకుని వచ్చిన మొదటి పేషెంట్ ఇతనే. ఈ 14 నెలల్లో మేం ఏం చేశాం, ఎక్కడ తప్పు చేశాం, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నాం అనేది తోటి ఫిజియోలకీ, ఇలాంటి ఇంప్లాంట్ గురించి ఆలోచిస్తున్న కుటుంబాలకీ పనికొస్తుందని రాస్తున్నాను. పేషెంట్ అనుమతి తీసుకున్నాను. ఎవరో గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను, కొన్ని వదిలేశాను.

నేపథ్యం

ముప్పై దాటిన వయసు. రాత్రిపూట బైక్ మీద వస్తుంటే ప్రమాదం. ఛాతీ భాగంలో ఐదో వెన్నుపూస, మేం టీ5 అంటాం, అది పగిలింది. రాడ్లు, స్క్రూలు వేసి సర్జరీ చేశారు. ఛాతీ మధ్య నుంచి కిందికి కదలిక పూర్తిగా పోయింది. స్పర్శ మాత్రం మొత్తం పోలేదు. మలద్వారం చుట్టూ సూదితో తాకితే కొద్దిగా తెలుస్తుంది, కుడి పాదం గట్టిగా నొక్కితే "ఏదో తెలుస్తోంది" అంటాడు. వెన్నుపాము దెబ్బ ఎంత తీవ్రమో అక్షరాల్లో చెప్పే ఏషియా స్కేల్ మీద ఇది 'బి'. ఈ ఒక్క అక్షరం మీద చాలా ఆధారపడి ఉంటుంది. 'ఎ' వచ్చినవాళ్ళలో కింది దాకా స్పర్శ గానీ కదలిక గానీ పరీక్షకి దొరకదు. 'బి' అంటే దెబ్బ తగిలిన చోటుని దాటి కొన్ని నరాల పోగులు ఇంకా బతికే ఉన్నాయని పరీక్షలోనే తేలినట్టు.

మొదటి ఏడాది మామూలు ఫిజియోథెరపీ. రెండో ఏడాది ఎక్కడో స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు చేయించుకున్నారు, మార్పేమీ రాలేదు. మూడో ఏడాది ఒక స్థలం అమ్మి విదేశం వెళ్ళి స్టిమ్యులేటర్ పెట్టించుకున్నారు. నడుం నొప్పి పేషెంట్లకి వాడే రకం పరికరమే అది. పదహారు ఎలక్ట్రోడ్లున్న చిన్న పట్టీని వెన్నుపాము పై పొరకి బయట అమర్చి, బ్యాటరీని పొట్ట చర్మం కింద పెట్టారు. అక్కడ ఐదు వారాల శిక్షణ ఇచ్చి, రిమోట్‌లో నాలుగు ప్రోగ్రాములు పెట్టి పంపించారు: నిలబడటం, ఎడమ, కుడి, నడక. మా దగ్గరికి వచ్చేసరికి సర్జరీ అయి నాలుగు నెలలు దాటింది.

అసలు ఈ కరెంట్ ఏం చేస్తుంది?

ఇది సరిగా అర్థం కాకపోవడం వల్లే తర్వాత మేం మూడు వారాలు పోగొట్టుకున్నాం, అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

కాళ్ళ కండరాలని నడిపించే నాడీకణాలు వెన్నుపాము కింది భాగంలో, ఛాతీ చివరి పూసలూ నడుము మొదటి పూసా ఉన్న చోట ఉంటాయి. టీ5 దగ్గర దెబ్బ తగిలిన మనిషికి ఆ భాగం చెడిపోదు. పైనుంచి మాట అందక ఊరుకుంటుంది. ఎలక్ట్రోడ్ పట్టీ కూర్చునేది సరిగ్గా ఆ భాగం మీదే. అది కండరాన్ని నేరుగా లాగదు. కాళ్ళ నుంచి వెన్నుపాములోకి సమాచారం తెచ్చే లావుపాటి స్పర్శ నరాలని ముందు తట్టి లేపుతుంది, వాటి ద్వారా కింది నాడీకణాలన్నీ కాస్త సిద్ధంగా ఉంటాయి. గాఢనిద్రలో ఉన్న మనిషిని భుజం తట్టి సగం మెలకువలోకి తెచ్చామనుకోండి, అప్పుడు గది అవతల నుంచి మెల్లగా పిలిచినా వినపడుతుంది. మిగిలిన నాలుగు పోగుల్లోంచి మెదడు పంపే బలహీనమైన మాట ఆ పిలుపు లాంటిది. పాదం మీద పడే బరువు, తుంటి వెనక్కి సాగడం, ఇవి కూడా పిలుపులే.

అందుకే ఇది అందరికీ పనికొచ్చేది కాదు. సరిగ్గా ఆ చోటే దెబ్బ తగిలి కాళ్ళు వడలిన తోటకూర కాడల్లా ఉండేవాళ్ళకి లేపడానికి అక్కడ కణాలే మిగలవు. మా పేషెంట్‌కి స్పాజం బాగా ఉంది, కాళ్ళు బిగుసుకుపోతాయి, చీలమండ దడదడలాడుతుంది. ఇంట్లోవాళ్ళు దాన్ని తిట్టుకునేవాళ్ళు. నాకు మాత్రం మొదటి రోజు కనిపించిన మంచి సంకేతం అదే, కింది వెన్నుపాము బతికి ఉందని.

వచ్చిన సమస్య

మొదటి రోజు నేను కోరింది ఒకటే, ఇంట్లో ఎలా చేస్తున్నారో అలాగే చేసి చూపించండి అని. వాకర్ తెచ్చారు. బావమరిది వెనక నుంచి ప్యాంటు బెల్టు పట్టుకున్నాడు, భార్య రిమోట్ పట్టుకుని 'నడక' నొక్కింది. ఎడమ మోకాలు టక్కున నిటారుగా బిగిసింది. కుడి కాలి వేళ్ళు లోపలికి ముడుచుకుని మడమ గాల్లోకి లేచింది, ఆ వెంటనే పిక్క వణకడం మొదలై ఆ వణుకుకి వాకర్ కాళ్ళు టైల్స్ మీద టకటకా కొట్టుకున్నాయి. "ఇంకొంచెం పెంచనా?" అని భార్య అడుగుతోంది. నలభై సెకన్లు గడిచాయో లేదో, అతని పెదాలు తెల్లబడ్డాయి, సగం మాటలో ఆగిపోయాడు. కూర్చోబెట్టి కాళ్ళు పైకెత్తి బీపీ చూస్తే 78/50. కూర్చున్నప్పుడు 112 ఉంది.

టీ6కి పైన దెబ్బ తగిలినవాళ్ళలో బీపీ రెండు వైపులా మోసం చేస్తుంది. నిలబడితే పడిపోతుంది, మూత్రాశయం నిండినా ఎక్కడైనా పుండు పడినా ఒక్కసారిగా పైకి లేస్తుంది. కాబట్టి ఇంట్లోవాళ్ళు ఇన్నాళ్ళూ 'మిషన్ సరిగా పట్టట్లేదు' అనుకున్నదాంట్లో సగం బీపీ సమస్య. మిగతా సగంలో, కుడి చీలమండ బిగుసుకుపోయి పాదం 90 డిగ్రీలకి కూడా రావట్లేదు, ఎడమ మడమ మీద రూపాయి బిళ్ళంత ఎరుపు, మూత్రంలో ఇన్ఫెక్షన్, తుంటి ముందు భాగం గట్టిపడి ఉంది.

"నీకు నడిచి ఏం చేయాలనుంది?" అని అతన్ని విడిగా అడిగాను. అందరూ "అందరిలా నడవాలి" అంటారు కదా, ఇతను కాసేపు ఆలోచించి, "బాత్రూంలోకి నేనే వెళ్ళాలి మేడం" అన్నాడు. అద్దె ఇల్లు, బాత్రూం తలుపు వెడల్పు రెండడుగులే, వీల్‌చైర్ పట్టదు. రోజూ పొద్దున గడప దగ్గర ఇద్దరు కలిసి అతన్ని ప్లాస్టిక్ కుర్చీలోకి మార్చి, ఆ కుర్చీని లోపలికి లాగుతున్నారు. తలుపు వెడల్పు చేయించండి అని నేను వెంటనే అన్నాను. ఓనర్ ఒప్పుకోలేదట, అప్పటికే రెండుసార్లు అడిగారట. సరే, వీల్‌చైర్ ఆగే చోటు నుంచి కమోడ్ దాకా ఎన్ని అడుగులు వేయాలో లెక్కపెట్టి రమ్మన్నాను. నాలుగు మామూలు అడుగులు. దాన్ని ఫైల్ మొదటి పేజీలో రాసుకున్నాను.

మొదటి నిర్ణయం: రెండు వారాలు నడక వద్దు

ఇది వినగానే ఇంట్లోవాళ్ళ ముఖాలు మాడిపోయాయి. లక్షలు పోసి మిషన్ పెట్టించుకున్నది నడవడానికి కదా, ఇక్కడ ఆపమంటున్నారేంటి అని. నా కారణాలు వాళ్ళకి చెప్పినవే ఇక్కడా చెప్తాను.

మొదటిది ఎముకలు. మూడేళ్ళు బరువు మోయని కాళ్ళలో, ముఖ్యంగా మోకాలి చుట్టూ, ఎముక పలచబడుతుంది. అమెరికాలో లూయీవిల్ బృందం ఇలాంటి స్టిమ్యులేటర్ పెట్టిన నలుగురి ఫలితాలు 2018లో ప్రచురించింది. ఈ రంగంలో అందరూ చెప్పుకునే అధ్యయనం అది. ఆ నలుగురిలో ఒకరికి ట్రెడ్‌మిల్ శిక్షణలో తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో నిపుణుల చేతుల మధ్య జరిగింది అది, మరి ఇంట్లో బావమరిది బెల్టు పట్టుకుని నిలబెడితే? ఎముక ఎంత గట్టిగా ఉందో చూసే డెక్సా స్కాన్ చేయించాం, తక్కువే వచ్చింది. స్పైన్ సర్జన్, ఎండోక్రినాలజిస్ట్ మందులు మొదలుపెట్టి, మెల్లగా బరువు వేయొచ్చు, కుదుపులు వద్దు అన్నారు.

రెండోది ఎలక్ట్రోడ్ పట్టీ. అది కొన్ని మిల్లీమీటర్లు జరిగినా కరెంట్ వెళ్ళాల్సిన నరాలు మారిపోతాయి. సర్జరీ తర్వాత తీసిన ఎక్స్‌రేతో కొత్తది పోల్చి చూశారు, న్యూరోసర్జన్ దగ్గర ప్రోగ్రామర్ పెట్టి ప్రతి ఎలక్ట్రోడ్‌నీ పరీక్షించారు. పట్టీ కదల్లేదు, పదహారూ బాగున్నాయి. ఈ ఫలితం వచ్చిన రోజు బావమరిది చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మిషన్ పాడైందన్న ఆశ కూడా ఒక ఆశే కదా, బాగు చేయిస్తే సరిపోతుందని.

ఆ రెండు వారాల్లో ఇన్ఫెక్షన్‌కి వైద్యం, మడమ మీద ఒత్తిడి లేకుండా దిండు ఏర్పాటు, రాత్రిపూట చీలమండకి స్ప్లింట్, పొట్టకి బైండర్, కాళ్ళకి స్టాకింగ్స్, రోజూ మనిషిని కట్టి మెల్లగా నిలువుగా లేపే టిల్ట్ టేబుల్ మీద 30 డిగ్రీల నుంచి మొదలుపెట్టి పైకి. పద్నాలుగో రోజుకి 70 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు కళ్ళు తిరగకుండా ఉన్నాడు.

ఏం పని చేయలేదు

తర్వాత మూడు వారాలు మేం చేసింది ఆ వీడియోనే మళ్ళీ తీయడానికి ప్రయత్నించడం. ట్రెడ్‌మిల్, హార్నెస్, 'నడక' ప్రోగ్రాం, చెరో కాలి దగ్గర ఒకరు. అక్కడ ఆ పద్ధతిలో అడుగులు పడ్డాయి కాబట్టి ఇక్కడా పడాలి అనుకున్నాం. పడ్డాయి కూడా, కానీ వేస్తున్నది మేమే. మేం చేతులు తీస్తే ఏమీ లేదు. అప్పుడు నేను తీసుకున్న తప్పు నిర్ణయం ఏంటంటే, కరెంట్ పెంచమని న్యూరోసర్జన్‌ని అడగడం. ఆయన సురక్షితమైన హద్దుల్లోనే కొంచెం కొంచెం పెంచుతూ పోయారు. పెంచిన ప్రతిసారీ కాళ్ళు మరింత గట్టిగా కదిలాయి, చూసేవాళ్ళకి బలం వచ్చినట్టే ఉంది, భార్య వీడియో తీసి ఊరికి పంపింది. నాకు మాత్రం చేతికి తెలుస్తోంది, ముందు కండరం, వెనక కండరం రెండూ ఒకేసారి బిగుసుకుంటున్నాయి. అలా బిగిసిన కాలు కర్రలా నిలబడగలదు గానీ అడుగు వేయలేదు.

మూడో వారంలో ఇంకో విషయం జరిగింది. సెషన్ మధ్యలో తలనొప్పి అన్నాడు, ముఖం ఎర్రబడి మెడ దాకా చెమటలు. బీపీ 176. మొత్తం ఆపి, కూర్చోబెట్టి, బట్టలు వదులు చేసి కాథెటర్ (మూత్రం తీసే గొట్టం) వేస్తే అర లీటరు పైనే మూత్రం వచ్చింది. ట్రాఫిక్‌లో ఆలస్యమైందని ఇంట్లో కాథెటర్ వేసుకోకుండా వచ్చేశాడు. ఆ రోజు నుంచి మూత్రాశయం ఖాళీ చేసుకున్న టైము నోట్‌బుక్‌లో రాయనిదే రిమోట్ ముట్టుకోం.

మలుపు

ఆ వారాంతం కూర్చుని మళ్ళీ చదివాను. స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో గ్రెగ్వార్ కూర్టీన్, జోస్లిన్ బ్లాక్ బృందం 2018లోనే చెప్పిన ఒక విషయాన్ని నేను అంతకుముందు చదివి కూడా పట్టించుకోలేదు. మనుషుల్లో ఆపకుండా గట్టిగా కరెంట్ ఇస్తే, కాలు ఎక్కడుందో పైకి చెప్పే సహజమైన సంకేతాలు అదే నరాల్లో ఎదురుపడి చెరిగిపోతాయి. భుజం తట్టడం ఎక్కువై చెవిలో డప్పు కొట్టినట్టవుతుంది, పిలుపు వినపడదు. వాళ్ళు ఆ ఇబ్బందిని దాటింది ఏ క్షణంలో ఏ కండరం కావాలో దానికే, ఆ క్షణానికే కరెంట్ పంపే పద్ధతితో. 2022లో నడకకే తయారుచేసిన పెద్ద పట్టీతో పూర్తి గాయం ఉన్న ముగ్గురి చేత బరువు ఆసరాతో మొదటి రోజే అడుగులు వేయించారు. మా పేషెంట్ పరికరంలో ఆ వ్యవస్థ లేదు, ఆపకుండా వచ్చే కరెంట్ ఒక్కటే. అయితే తగ్గించడం మన చేతుల్లో ఉంది కదా.

ఊహ మీద నడవకూడదని సోమవారం ఒక చిన్న పరీక్ష పెట్టాను. పేషెంట్ కళ్ళు మూసుకుని పడుకున్నాడు, కుడి మోకాలిని నేను మెల్లగా వంచుతూనో చాపుతూనో ఉంటాను, ఎటు కదిలిందో అతను చెప్పాలి. కరెంట్ లేకుండా పదికి ఎనిమిది సరిగ్గా చెప్పాడు, ఆ కాల్లో అంత మిగిలి ఉందని మాకు అప్పటిదాకా తెలియదు. మేం పెంచిన స్థాయిలో పదికి నాలుగు, అంటే ఊరికే ఊహించి చెప్పినట్టే. "మీరు కాలు పట్టుకున్నారని తెలుస్తోంది మేడం, ఏం చేస్తున్నారో తెలీట్లేదు" అన్నాడు. కండరం కదలడం మొదలయ్యే స్థాయి కంటే కొంచెం కిందికి తెచ్చాక మళ్ళీ ఎనిమిది. మూడు వారాలుగా అతనికి మిగిలి ఉన్న కాస్త సమాచారాన్ని మేమే ఆపేస్తున్నామన్నమాట.

అదే స్థాయిలో, అంటే చూడ్డానికి కాళ్ళలో ఏ కదలికా రాని స్థాయిలో, రెండో పరీక్ష. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, కుడి కాలిని స్లింగ్‌లో వేలాడదీశాం, బరువు అడ్డు రాకుండా. "మోకాలిని పొట్ట దగ్గరికి లాక్కో" అని చెప్పడం. ఇక్కడ మనల్ని మనం మోసం చేసుకోవడం చాలా తేలిక, ఎందుకంటే స్పాజం వచ్చినా కాలు అలాగే కదులుతుంది, ఊపిరి బిగబట్టి పొట్ట ఊపినా కదులుతుంది. అందుకని రిమోట్‌ని నేను టవల్ కింద పెట్టుకున్నాను, ఎప్పుడు ఆన్‌లో ఉందో అతనికీ తెలియదు, కాలు చూసి మార్కు వేసే నా జూనియర్‌కీ తెలియదు. ఇరవై ప్రయత్నాలు, పది ఆన్, పది ఆఫ్, వరస కలగాపులగం. ఇవి కాక ఆన్‌లో ఉండగా "ఏమీ చేయకు, ఊరికే పడుకో" అని ఇంకో ఐదు.

మూడో ప్రయత్నంలో గజ్జ దగ్గర చర్మం కింద ఒక తాడు లాంటిది లేచి సన్నగా వణికింది, ఆ వెనకే స్లింగ్ గొలుసు కొద్దిగా ముందుకు జరిగింది. చివర్లో లెక్క చూస్తే ఆన్‌లో పదికి తొమ్మిది, ఆఫ్‌లో పదికి ఒకటి, "ఏమీ చేయకు" అన్న ఐదింట్లో సున్నా. అంటే కరెంట్ ఒక్కటే కదిలించలేదు, అతని ప్రయత్నం ఒక్కటే కదిలించలేదు, రెండూ కలిస్తేనే కదిలింది. జూనియర్ వేసిన మార్కుల్ని భార్య తన నోట్‌బుక్‌లోకి ఎత్తి రాసుకుంటూ, "మరి ఇన్నాళ్ళూ మేం పెంచుకుంటూ పోయామే" అంది. నేనూ అదే చేశాను అని ఆమెకి చెప్పాను.

మందుల గురించి కూడా అప్పుడే ఆలోచన వచ్చింది. స్పాజం కోసం రోజుకి 60 మిల్లీగ్రాముల బాక్లోఫెన్ వాడుతున్నాడు. స్టిమ్యులేటర్ ఏ దారిని తట్టి లేపుతోందో ఆ దారినే బాక్లోఫెన్ అణచిపెడుతుంది, ఒక చేత్తో లేపి ఇంకో చేత్తో నిద్రపుచ్చినట్టు. అలాగని ఒక్కసారి ఆపడం ప్రమాదం, ఫిట్స్ దాకా వెళ్ళొచ్చు. డాక్టర్ పర్యవేక్షణలో ఎనిమిది వారాల్లో 30కి తెచ్చారు. ఇంకా తగ్గిస్తే రాత్రి స్పాజంతో నిద్ర ఉండట్లేదు, అక్కడే ఆపారు.

నిలబడటం, బరువు, అడుగు

తర్వాత మూడు నెలలు ట్రెడ్‌మిల్ జోలికి వెళ్ళలేదు. నిలబడటమే. పాదం మీద బరువు పడితేనే వెన్నుపాముకి 'నిలబడ్డాం' అన్న సంగతి అందుతుంది కాబట్టి చెప్పుల్లేకుండా, మడమ నేలకి పూర్తిగా ఆనేలా. అయితే ఛాతీ కింద పట్టులేని మనిషి భయంతో బరువంతా చేతుల మీద వేస్తాడు, పైకి చూస్తే బాగానే నిలబడినట్టు ఉంటుంది. ఇది తేల్చడానికి ఖరీదైన మెషీన్లేం అక్కర్లేదు, ఇంట్లో బరువు చూసుకునే రెండు వేయింగ్ మెషీన్లు కొని చెరో పాదం కింద పెట్టాం. మనిషి 62 కిలోలు. ఎడమ 9, కుడి 11. మిగతా 42 కిలోలు చేతుల మీద! ఆ అంకెలు చూసి అతనే నోరెళ్ళబెట్టాడు. ఇక రోజూ అదే ఆట, కింద అంకె పెంచాలి. మోకాళ్ళకి ముందు నుంచి నా మోకాళ్ళు అడ్డుపెట్టి, 'నిలబడటం' ప్రోగ్రాం 25 హెర్ట్జ్‌లో (సెకనుకి 25 సార్లు కరెంట్), వాకర్ మీద ముందు అరచేతులు, తర్వాత వేళ్ళు మాత్రమే. పదకొండో వారానికి ఎడమ 24, కుడి 26.

బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మార్చడం నేర్చుకున్నాకే అడుగు మొదలుపెట్టాం. కుడి కాలు అతనే లాగుతాడు, ముందు రెండంగుళాలు, తర్వాత పాదమంత. ఎడమ కాలు చాలా వెనకబడి ఉంది, అందుకే న్యూరోసర్జన్ ఎడమ వైపు ఎలక్ట్రోడ్లని మార్చి మార్చి ఆరుసార్లు ప్రోగ్రాం చేశారు. ప్రతి మార్పు తర్వాత టవల్ కింద రిమోట్ పరీక్ష మళ్ళీ చేసేవాళ్ళం. నాలుగోది పనికొచ్చింది, ఐదూ ఆరూ దానికంటే మెరుగ్గా లేవు, వెనక్కి వచ్చేశాం. రెండు కాళ్ళకీ చీలమండ స్ప్లింట్లు వేశాం. అవి లేకుండా చేయాలని అతనికి చాలా పట్టుదల, కానీ కాలి వేళ్ళు నేలకి తగిలి పడిపోతే ఆ ఎముకలతో ఏమవుతుందో చెప్పి నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను.

14వ నెలకి లెక్క ఇదీ. స్టిమ్యులేటర్ ఆన్‌లో, వాకర్‌తో, రెండు స్ప్లింట్లతో, వెనక నుంచి తుంటి దగ్గర ఒకరు పట్టుకుంటే 10 మీటర్లు 2 నిమిషాల 40 సెకన్లలో నడుస్తాడు. నడకకి ఎంత ఆసరా కావాలో 0 నుంచి 20 దాకా చెప్పే విస్కీ (WISCI) స్కేల్ మీద సున్నా దగ్గర ఉన్నవాడు ఆరుకి వచ్చాడు. ఆఫ్ చేస్తే ఒక్క అడుగు కూడా పడదు. బయటికి వెళ్ళాలంటే వీల్‌చైరే, ముందు ముందు కూడా అంతే, ఆ మాట నేను స్పష్టంగా చెప్పాను. మంచం అంచున చేతుల ఆసరా లేకుండా కూర్చుని చొక్కా వేసుకోగలుగుతున్నాడు. వీల్‌చైర్ నుంచి మంచం మీదకి మారడానికి ఇదివరకు ఇద్దరు కావాలి, ఇప్పుడు ఒకరు పక్కన ఉంటే చాలు.

బాత్రూం సంగతి. మా సెంటర్‌లో చెక్క ఫ్రేముతో రెండడుగుల తలుపు ఒకటి చేయించి, ముందు పొడి నేల మీద, తర్వాత రబ్బరు మ్యాట్ మీద రెండు నెలలు సాధన చేయించాం. వాకర్ కాళ్ళ వెడల్పు కూడా తలుపుకి దాదాపు సరిపోయేంతే, సన్నటిది వెతికి తెచ్చాం. గోడకి రాడ్ బిగించుకోవడానికి మాత్రం ఓనర్ ఒప్పుకున్నాడు. పక్కాగా నాలుగు అడుగులు కాదు, ఇతని అడుగు చిన్నది కాబట్టి తొమ్మిది పడతాయి. పన్నెండో నెలలో ఒక పొద్దున భార్య ఫోన్ చేసి, వెనక తను పట్టుకుంటే చాలు, ఇద్దరు మోయకుండా లోపలికి వెళ్ళాడని చెప్పింది. నేల తడిగా ఉంటే మాత్రం ప్లాస్టిక్ కుర్చీయే వాడాలి, అది మా మధ్య ఒప్పందం.

ఆ తర్వాత నేను మార్చుకున్నవి

ఇప్పుడు ఇంప్లాంట్ గురించి అడగడానికి వచ్చే కుటుంబాలకి ముందు లూయీవిల్ లెక్క చెప్తాను. నలుగురిలో నేల మీద నడిచింది ఇద్దరు, ఒకరికి 85 వారాల్లో 278 సెషన్లు, ఇంకొకరికి 15 వారాల్లో 81. సర్జరీ ఖర్చుతో పాటు ఆ సెషన్ల ఖర్చు, వాటికి రోజూ తీసుకురావడానికి ఇంట్లో ఎవరి ఉద్యోగం పోతుంది, తిరిగి వచ్చాక ఇక్కడ ప్రోగ్రాం చేసే డాక్టర్ ఎవరు, ఇవి తేలకుండా స్థలం అమ్మొద్దని చెప్తాను. 2023లో నెదర్లాండ్స్‌కి చెందిన ఒకాయన ఆలోచనతోనే కాళ్ళు కదిపి నడిచిన వార్త చూపిస్తారు చాలామంది. ఆయన గాయం అసంపూర్ణం, మెదడు మీద కూడా ఇంప్లాంట్లు పెట్టారు, అది పరిశోధన. బయట డబ్బు కట్టి పెట్టించుకునే పరికరం వేరు.

ఇంప్లాంట్‌తో ఎవరు వచ్చినా మొదటి వారంలోనే, కరెంట్ లేనప్పుడూ ఉన్నప్పుడూ కళ్ళు మూసుకుని చెప్పే ఆ మోకాలి పరీక్ష చేస్తున్నాను. ఆ ఒక్క పరీక్ష నేను ముందే చేసి ఉంటే మూడు వారాలు మిగిలేవి.

తోటి ఫిజియోలకి ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం. పదో నెలలో అతనికి భుజం నొప్పి వచ్చింది, వీల్‌చైర్ తోసేవాళ్ళకి మామూలే. సొంతూరికి వెళ్ళినప్పుడు దగ్గర్లోని క్లినిక్‌లో చూపించుకుంటే షార్ట్‌వేవ్ డయాథెర్మీ (రేడియో తరంగాలతో లోపలి కండరాన్ని వేడిచేసే మిషన్) పెట్టబోయారు. అప్పటికే ప్యాడ్లు అమర్చారట, భార్యకి అనుమానం వచ్చి నాకు ఫోన్ చేసింది. శరీరంలో ఇలాంటి ఇంప్లాంట్ ఉన్నవాళ్ళకి డయాథెర్మీ ఎక్కడా పెట్టకూడదు, భుజానికైనా సరే. ఆ శక్తి తీగ వెంట వెళ్ళి ఎలక్ట్రోడ్ దగ్గర వేడెక్కితే అక్కడున్నది వెన్నుపాము. క్లినిక్ వాళ్ళని తప్పుపట్టను, పొట్ట మీద చొక్కా కింద ఉన్న బ్యాటరీ వాళ్ళకి ఎలా తెలుస్తుంది? ఆ మర్నాడే తెలుగులో, ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరాలతో ఒక కార్డు రాసి లామినేట్ చేయించి వీల్‌చైర్ వెనక కట్టాం: వీపులో స్టిమ్యులేటర్ ఉంది, డయాథెర్మీ వద్దు, ఎమ్ఆర్ఐకి ముందు ఈ నంబర్‌కి ఫోన్ చేయండి.

ఇప్పుడు వారానికి రెండు రోజులు వస్తున్నాడు. ఎడమ కాలి మీద పని నడుస్తోంది, ఈ నెల డెక్సా మళ్ళీ చేయించాలి. మిగతా రోజుల్లో ఇంట్లో పొద్దున 20, సాయంత్రం 20 నిమిషాలు నిలబడతాడు, వేయింగ్ మెషీన్ల మీద అంకెల్ని భార్య రాత్రికి ఫోటో తీసి పంపుతుంది. నిన్నటిది 27, 25.